పావు శాతం ప్రధాని

దేశాన్ని ఏలడానికి బ్యాంకు గవర్నరును మించిన మనిషి లేడు! కాదన్నవాళ్లు రండి, తేల్చుకుందాం.

మా ప్రధానిగారు పద్దెనిమిదేళ్లు బ్యాంకులన్నిటికీ పెద్ద బ్యాంకును నడిపారు. రెండు నెలలకోసారి సమీక్ష పెట్టేవారు. వడ్డీని పావు శాతం పెంచేవారు, లేదా పావు శాతం తగ్గించేవారు, ఏదీ తోచకపోతే యథాతథం అనేవారు. ఒక్కసారైనా అర శాతం జోలికి పోలేదు. ఎంత నిగ్రహం!

పార్టీలన్నీ కొట్టుకు చస్తుంటే, ఎవరితోనూ గొడవ లేని మనిషని ఆయన్నే తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. గొడవెలా వస్తుంది? ఆయనేమన్నారో అర్థమైతే కదా!

పాత ప్రధానులు వంతెన కట్టిస్తామని కట్టేవారు కాదు. ఈయన పావు వంతు కట్టించారు. పొద్దున్నే అక్కడిదాకా నడిచి వెనక్కి రావడానికి ఎంత హాయిగా ఉంటుందో! ప్రభుత్వాసుపత్రిలో మా బావమరిదికి నాలుగు పళ్లు పీకాల్సి ఉంటే ఒకటి పీకి, మిగతావాటి తీరు గమనిస్తూ ఉంటామన్నారు. వాడు ఇప్పటికీ బుగ్గ పట్టుకుని గమనిస్తూనే ఉన్నాడు.

ఇక మా వీధి. కుళాయి ఎండిపోయి ఏడు నెలలు. రోజుకో ట్యాంకరు వీధి చివరికొచ్చేది. అక్కడి నుంచి మూడో అంతస్తుకు మా ఆవిడ ఆరు క్యాన్లు మోసేది. నేను రచయితను కదా, నా నడుము దేశానికి అవసరం! "మోకాళ్లు పోతున్నాయండీ" అంటే ప్రధానిగారికి అర్జీ పెట్టాను. జవాబొచ్చింది: "నీటిపై మీ ఆశలు అదుపులో ఉంటే కొరత కూడా అదుపులో ఉన్నట్టే." ఎంత ఊరట! చదివి వినిపిస్తే మా ఆవిడ ఖాళీ క్యాన్ నా కాలి మీద పడేసింది.

మొన్న ఆయనే ఓట్లకోసం మా వీధికొచ్చారు. మండుటెండలో మూడంతస్తులూ ఎక్కి, మా గుమ్మంలో ఆయాసపడుతూ "అమ్మా, కాసిని మంచినీళ్లు" అన్నారు.

మా ఆవిడ గ్లాసులో పావు వంతు పోసి ఇచ్చింది.

"మిగతాదమ్మా?"

"రెండు నెలలాగండి సార్. మీ దాహం ఎలా ఉందో చూసి, అప్పుడు ఆలోచిద్దాం."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్ల మీద జనం చప్పట్లు! మనిషి సిగ్గుతో చస్తాడని అందరం చూస్తున్నాం. సిగ్గా? ఆయన ముఖం వెలిగిపోయింది! ఆ గుక్కెడూ తాగి, కార్యదర్శి వైపు తిరిగి "రాసుకోవయ్యా" అన్నారు.

మర్నాడు ప్రకటన వచ్చింది. మా వీధిలో పావు వంతు నీళ్లు అందుతున్నట్టు ప్రధాని స్వయంగా తాగి నిర్ధారించారట. పరిస్థితి నిలకడగా ఉన్నందున ట్యాంకరు రద్దు!

ఇప్పుడు నీళ్లకు పక్క వీధికి పోవాలి. మా ఆవిడను డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. మరి క్యాన్లు ఎవరు మోస్తున్నారంటారా?

"ఏమండీ, ఆయన్ని పొగడటం అయిందా? ఇంకా రెండు క్యాన్లున్నాయి!"

వస్తున్నానే, వస్తున్నా! పాఠకులారా, ఏడు నెలలు ఆవిడ మోకాళ్లు అరిగితే దేశం బాగానే ఉందనిపించింది. సిగ్గులేని మాటే, ఒప్పుకుంటున్నాను. మొదట్లో నేనన్న మాటను యథాతథంగా ఉంచుదామనే ఉంది. నా నడుమే ఒప్పుకోవడం లేదు.