సూర్యుడి బూడిద ఎక్కడ?

మ్యూజియంలో అందరూ ఆవిడని కార్డులమ్మ అంటారు, ఇంట్లో మామగారికి కోడలు. ఈ కథలో పడ్డ పాట్లన్నీ రెండో హోదా వల్ల వచ్చినవే కాబట్టి మనమూ కోడలు అనే అందాం. ఆ సోమవారం పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి మ్యూజియం చేరాలి, కొత్త గదిలో అద్దాల బీరువాలు ఒకసారి చూసుకోవాలి, పదకొండింటికి తలుపులు తీసి జనాన్ని లోపలికి వదలాలి, సాయంత్రం నాలుగింటికి పాలకమండలి అధ్యక్షురాలు వస్తే పక్కన నిలబడి అడిగినదానికి జవాబు చెప్పాలి. అంతే.

అంతే అంటే అంతే కాదు. వస్తువుల కింద పెట్టే కార్డులు ఆవిడ ఆరేళ్ళుగా రాస్తోంది, ఆరేళ్ళుగా ఉద్యోగం తాత్కాలికమే. ఏడాదికోసారి ఒక కాగితం మీద సంతకం పెట్టి పొడిగిస్తూ వచ్చారు. ఇక పొడిగించేది లేదని ఈసారి తేల్చేశారు. అధ్యక్షురాలు కొత్త గది చూసి బాగుందంటే ఉద్యోగం పర్మనెంటు, పెదవి విరిస్తే ఇవాళ్టితో సరి.

ఆ గది పేరు ‘ప్రాచీనుల సూర్యుడు’. పన్నెండు బీరువాలు, పన్నెండు వస్తువులు. రాత్రిపూట సూర్యుణ్ణి దాటించే చెక్క పడవ, సూర్యబింబాన్ని ఆకాశం మీదికి దొర్లించుకుపోయే రాతి పేడపురుగు, గ్రహణం వేళ సూర్యుణ్ణి మింగే ఇత్తడి తోడేలు, మైనం రెక్కలు కట్టుకుని అతిగా ఎగిరి కూలిపోయిన యువకుడి మట్టి పలక, ఇలాంటివి. ఒక్కో కార్డుకి వారం చొప్పున మూడు నెలలు కూర్చుని రాసింది. అచ్చుకిచ్చే ముందు అక్షరదోషాలు చూసేవాళ్ళు కావలసి వచ్చింది. భర్తది ఊళ్ళు తిరిగే ఉద్యోగం, ఆ వారం ఇంట్లో లేడు. మిగిలింది మామగారు.

మామగారు ఒక ఫ్యాక్టరీలో బొగ్గు బాయిలర్ దగ్గర ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఎక్కడ దీర్ఘం పోయినా, ఎక్కడ ఒత్తు జారినా ఆయన కంట పడకుండా పోదు. కోడలు కాగితాలు చేతిలో పెట్టి, అక్షరాలు మాత్రమే చూడమని మూడుసార్లు చెప్పింది. మూడుసార్లు ఎందుకంటే, మామగారికి సూర్యుడి మీద సొంత సిద్ధాంతం ఒకటుంది. సూర్యుడు చల్లనివాడని ఆయన వాదం. బూడిద రాని మంట తన సర్వీసులో చూడలేదు, అంత పెద్ద పొయ్యి ఇన్ని యుగాలుగా మండుతుంటే బూడిద ఏమైనట్టు? పోనీ కొండెక్కితే పొయ్యికి దగ్గరవుతాం కదా, మరి అక్కడ చలెందుకు? కాబట్టి సూర్యుడు ఒట్టి వెలుగే పంపుతాడు, ఆ వెలుగు తగిలాక వేడి పుట్టేది భూమిలోనే. ఈ సంగతి గ్యాస్ సిలిండర్ తెచ్చే ఆయనకి కూడా కంఠతా వచ్చు.

మామగారు మాట తప్పలేదు. అక్షరాలే దిద్దారు, దోషాలు నాలుగు దొరికాయి. తన అభిప్రాయాలు మాత్రం, కోడలు తీరిగ్గా చదువుకుంటుంది కదా అని, పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసి ఉంచారు. శుక్రవారం పొద్దున కోడలు హడావిడిలో ఉంటే, ఎలాగూ నడకకి వెళ్తున్నానంటూ ఆ కాగితాలు తనే పట్టుకెళ్ళి ప్రెస్సులో ఇచ్చి వచ్చారు. కోడలు ఎంతో సంతోషించింది. అదే ఆవిడ చేసిన పొరపాటు. అచ్చయిన కార్డులు శనివారం సాయంత్రం నేరుగా మ్యూజియంకి వచ్చాయి, తాళాలాయన వాటిని బీరువాల్లో అంటించి తాళాలు వేసుకున్నాడు.

సోమవారం తొమ్మిదీ అయిదుకి కోడలు మొదటి బీరువా ముందు నిలబడి చదివింది. “రాత్రివేళ సూర్యుడు ఈ పడవలో పాతాళాన్ని దాటి తూర్పుకి చేరతాడని ఆనాటివారి నమ్మకం. చెక్క పడవ. అయినా కాలలేదు. ఆలోచించండి.” రెండో బీరువాకి పరిగెత్తింది. సూర్యుణ్ణి మింగిన తోడేలుకి నోరు కాలలేదనీ, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలనీ ఉంది. మైనం రెక్కల యువకుడి దగ్గర మామగారు విజృంభించారు. “పైకి వెళ్ళేకొద్దీ చలి. చలికి మైనం గట్టిపడుతుంది గాని కరగదు. ఇతను పడిపోవడానికి కారణం వేరే ఉండాలి. విచారణ జరగాలి.” చివరి బీరువాలో బంగారు పూత వేసిన సూర్యముఖం ఉంది. ఆవిడ రాసిన ఆరు వాక్యాల కింద రెండే మాటలు అచ్చయి ఉన్నాయి. “బూడిద ఎక్కడ?”

ప్రెస్సుకి ఫోన్ చేసింది. ప్రెస్సాయన ఏమాత్రం తొణకలేదు. “మార్జిన్‌లో పెన్సిల్ రాత ఉంటే అది దిద్దుబాటేనండి, ఎక్కించేస్తాం. ఒకసారి మీ డైరెక్టర్‌గారిని ఇది నిజంగా ఎక్కించాలా అని అడిగాను. అడగడానికి నువ్వెవరివి అన్నారు. అప్పట్నుంచి అడగడం మానేశాం.” అన్నీ మళ్ళీ అచ్చువేసి రెండున్నరకి పంపుతానన్నాడు. అంతకుముందు కుదరదట.

పోనీ ఉన్న కార్డులు పీకేద్దామంటే తాళాలాయన అడ్డం నిలబడ్డాడు. మూసిన బీరువా తెరవాలంటే ఫారం కావాలి. ఫారం మీద డైరెక్టర్‌దీ, కార్డులమ్మదీ, తాళాలాయనదీ మూడు సంతకాలుండాలి. ఎప్పుడో ఒక బీరువా రెండు రోజులు తెరిచి వదిలేస్తే మూడువేల ఏళ్ళ నాటి కుండలో పిచ్చుక గుడ్లు పెట్టిందట, అప్పుడు పెట్టిన రూలు. డైరెక్టర్ చూస్తే గదిలో గడియ వేసుకుని సాయంత్రం ఉపన్యాసం బట్టీ పడుతున్నాడు, తలుపు కొట్టినా పలకడు. విసుగొచ్చి కోడలు గది ముందు ‘పనులు జరుగుతున్నవి’ అని బోర్డు తగిలించింది. ఆవిడ అటు తిరగ్గానే తాళాలాయన దాన్ని తీసి చంకలో పెట్టుకున్నాడు. బోర్డు తగిలించడానికీ ఫారం ఉందట.

ఆ ఒళ్ళుమంటలో మామగారికి ఫోన్ చేసింది. కడిగేద్దామనే చేసింది. తీరా ఆయన గొంతు వినగానే మర్యాద అడ్డొచ్చి, పళ్ళు బిగబట్టి, “మీరు రాసినవన్నీ అచ్చయ్యాయి మామయ్యగారూ” అని మాత్రం అనగలిగింది. అవతల్నుంచి జీరబోయిన గొంతుతో “అన్నీనా అమ్మాయీ?” అని వినిపించింది. ఫోన్ పెట్టేశారు. ఆయనకి అర్థమైంది వేరు.

పదకొండింటికి జనం వచ్చారు. పదకొండున్నరకి, రిటైర్మెంటు నాడు వేసుకున్న కోటు వేసుకుని మామగారు వచ్చారు. అప్పటికే పడవ దగ్గర గుంపు. మామూలుగా జనం ఒక్కో బీరువా దగ్గర నాలుగు క్షణాలు నిలబడి, చూసేశాం అనిపించుకుని వెళ్ళిపోతారు. ఇవాళ కార్డులు చదువుతున్నారు, చదివి నవ్వుతున్నారు, నవ్వి వాదించుకుంటున్నారు. మామగారు మధ్యలోకి వెళ్ళి, బాయిలర్‌కి ఎంత బొగ్గు పడుతుందో, ఎంత బూడిద దిగుతుందో మొదలుపెట్టారు. కోటు చూసి అందరూ ఆయన్ని మ్యూజియం పండితుడనుకున్నారు. ఉపన్యాసం బట్టీ పట్టడం ముగించి బయటికొచ్చిన డైరెక్టర్ నిండిన గదిని చూసి పొంగిపోయాడు. సర్వీసులో ఒక్క కార్డయినా చదివిన పాపాన పోలేదు, ఇవాళ మాత్రం ఎందుకు చదువుతాడు? సరాసరి అధ్యక్షురాలికి ఫోన్ చేసి, నాలుగింటికి కాదు, మూడింటికే రమ్మని పిలిచాడు.

కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది. మామగారిని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది. అప్పటిదాకా దాచుకున్న మర్యాదంతా అక్కడితో అయిపోయింది.

“ఆరేళ్ళండీ మామయ్యగారూ. ఆరేళ్ళు ఈ ఒక్క సంతకం కోసం ఎదురుచూశాను. ఆవిడొచ్చి అవి చదివితే రేపట్నుంచి నేను ఇంట్లోనే ఉంటాను. అప్పుడు బూడిద సంగతి రోజంతా మాట్లాడుకుందాం.”

మామగారి మొహం చిన్నబోయింది. ఎవరో పొరపాటున అచ్చువేశారన్న సంగతి ఆయన బుర్రకి అప్పుడే ఎక్కింది. ఇంటికి పంపేద్దామంటే గుంపు మళ్ళీ పట్టుకునేలా ఉంది. అందుకని మేడమీద లైబ్రరీలో కూర్చోబెట్టి, నక్షత్రాల గురించి ఉన్నవాటిలోకెల్లా లావుపాటి పుస్తకం ముందు పెట్టి, పిలిచేదాకా కిందికి రావద్దని చెప్పి వచ్చింది.

రెండున్నరకి కొత్త కార్డులు వచ్చాయి. బీరువాల్లో దుమ్ము దులపాలని అబద్ధం చెప్పి ఫారం మీద డైరెక్టర్ సంతకం పెట్టించుకుంది. ఆయన ఫారం కూడా చదవలేదు, అదొక్కటే ఆ రోజు కలిసొచ్చింది. జనాన్ని పక్క గదిలోకి మళ్ళించి పన్నెండు బీరువాలూ తెరిచి, పన్నెండు పాత కార్డులూ పీకి, అరిచేతులు నొప్పెట్టేలా ముక్కలు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. మూడుకి రెండు నిమిషాలుందనగా ఆఖరి తాళం పడింది. కొంగుతో మొహం తుడుచుకుని, దేవుడా గట్టెక్కాను అనుకుంది.

అధ్యక్షురాలు పొట్టిగా, చేతికర్రతో, నవ్వడం ఎప్పుడో మర్చిపోయినట్టు ఉండే మనిషి. పడవ ముందు నిలబడి కార్డు చదివింది. తోడేలు కార్డు చదివింది. మూడోదానికి మొహం ముడుచుకుంది.

“బయట మెట్ల మీద జనం కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఏంటని అడిగితే, లోపల కార్డులు చదవండి, సూర్యుడి మీద తగువు పెట్టుకున్నారు అన్నారు. ఇరవై ఏళ్ళలో ఇక్కడ కార్డు చదివినవాణ్ణి నేను చూళ్ళేదు. ఏవి ఆ కార్డులు? ఇవి మామూలు కార్డులే కదా.”

డైరెక్టర్ కోడలి వంక చూశాడు. కోడలు జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ప్రెస్సు, పెన్సిలు, బాయిలరు, చెత్తబుట్ట, ఏదీ దాచలేదు. అధ్యక్షురాలు మొత్తం విని, చేతికర్ర నేలమీద ఒకసారి ఆనించింది. అసలు కార్డులు అలాగే ఉండాలట, వాటి కింద ఆ పెన్సిల్ రాతలూ ఉండాలట. తను డైరెక్టర్ గదిలో టీ తాగి వస్తుందట, అప్పటికి అవి కనిపిస్తే సంతకం, కనిపించకపోతే లేదు.

కోడలు రెండేసి మెట్లు ఎక్కుతూ లైబ్రరీకి పరిగెత్తింది. మామగారు లావుపాటి పుస్తకం మూసి, కళ్ళజోడు దానిమీద పెట్టి, కిటికీలోంచి ఎండని చూస్తున్నారు.

“మామయ్యగారూ, ఆ రాతలన్నీ మళ్ళీ రాసివ్వండి. ఇప్పుడే. పెన్సిల్ తెచ్చాను.”

“రాయలేనమ్మా. నేను పొరబడ్డాను. సూర్యుడు వేడే.”

కోడలు వినిపించుకోకుండా పెన్సిల్ ఆయన చేతిలో పెట్టింది.

“బూడిద ఉందమ్మాయీ” అన్నారు మామగారు, చాలా నెమ్మదిగా. “హీలియం అంటారట. బయటికి రాదు, లోపలే పేరుకుంటుంది. ముప్పై ఏళ్ళు నేనడిగిన ప్రశ్న మంచిదే. జవాబు ఉందని తెలుసుకోలేదు, అంతే.”

మూడు నెలలు సూర్యుడి గురించి చదివిన మనిషి, అదే సూర్యుడు మంచుగడ్డ అని వాదించడానికి నడుం కట్టింది. మరి కొండెక్కితే చలెందుకని నిలదీసింది. పైన గాలి పలచన, వేడిని పట్టి ఉంచలేదు, నాలుగో అధ్యాయం అన్నారాయన. చెక్క పడవ కాలలేదు కదా అంది. అది కథమ్మా అన్నారు జాలిగా. పోనీ నమ్మకపోయినా రాసి ఇవ్వండి, మీకు దణ్ణం పెడతాను అని బతిమాలింది.

“తెలిసి తెలిసి తప్పు రాయమంటావా? లాగ్‌బుక్‌లో ఒక్కనాడు తప్పు అంకె వేసి ఎరగను. నువ్వు నా కూతురు లాంటిదానివి, ఇంకేదైనా అడుగు.”

ఇంకేదైనా అడగడానికి టైం లేదు. కోడలు అక్కడే నేలమీద బాసింపట్టు వేసుకుని, పన్నెండు చీటీలు చించుకుని, గుర్తున్నది గుర్తున్నట్టు, లేనిది కసికొద్దీ, తనే రాసింది. పేడపురుగు దగ్గర అసలు ఏముందో ఎంతకీ తట్టక, “పురుగు అరికాళ్ళు పరిశీలించండి, ఒక్క బొబ్బ లేదు” అని రాసి పారేసింది. పక్కన మామగారు ఒక్కో చీటీ తీసి చూస్తూ, తప్పు తప్పు అని గొణుగుతూనే, ఒకచోట జారిన ఒత్తు మాత్రం సరిచేశారు. కింద ఫారం మీద మళ్ళీ మూడు సంతకాలు పడ్డాయి. ఈసారి డైరెక్టర్ కారణం కూడా అడగలేదు.

అధ్యక్షురాలు పన్నెండు బీరువాలూ తిరిగి చదివింది. పేడపురుగు దగ్గర ఆగి, చేతికర్ర తాళాలాయనకి ఇచ్చి, రెండు చేతులూ అద్దానికి ఆనించి నవ్వింది. ఇది ఎవరు రాశారని అడిగితే, ఇది మాత్రం నేనేనండి అని కోడలు ఒప్పుకుంది. ఆవిడ కాగితం అడిగి, అక్కడే బీరువా మీద పెట్టి సంతకం చేసింది. కోడలు ఆ కాగితం పట్టుకుని వరండాలోకి వెళ్ళి కాసేపు ఏడ్చింది.

అయిదున్నరకి జనం వెళ్ళిపోయాక తాళాలాయన సందర్శకుల పుస్తకం తెచ్చి చూపించాడు. పేజీల నిండా మెచ్చుకోళ్ళే ఉన్నాయి. ఫిర్యాదు ఒకే ఒక్కటి, ఒక్క అక్షరదోషం లేకుండా: “ఈ చీటీలు రాసిన మనిషికి సూర్యుడి గురించి ఓనమాలు తెలియవు.” కింద మామగారి సంతకం.