ఎడమవైపు చూసే రాజుగారు, మా అక్క పళ్ల సెట్టు

చెల్లని నోటును మించిన నోటు లోకంలో లేదు! నవ్వకండి. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఊరికే అనను.

చెల్లే నోటు సంగతి మీకు తెలియనిదా? పొద్దున చేతికొస్తుంది, మధ్యాహ్నానికి మందుల షాపులో తేలుతుంది. చెల్లనిది అలా కాదు, పెట్టిన చోటే పడి ఉంటుంది. మా అక్క పెట్టె అడుగున పరదేశపు నోట్లు పదకొండేళ్లు కదలకుండా ఉన్నాయి. ఒకసారి దొంగ పడ్డాడు. ఇస్త్రీపెట్టె పట్టుకెళ్లాడు, నోట్లు మాత్రం మడత పెట్టి అక్కడే ఉంచాడు! అప్పుకని వచ్చిన మా తోడల్లుడు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, తనే అక్క చేతిలో బస్సు చార్జీ పెట్టి వెళ్లాడు. ఇంత మేలు ఏ బ్యాంకు చేసింది?

అవి అక్క చివరి రెండు నెలల జీతం. పరాయి దేశంలో ఒకరింట గిన్నెలు తోమి తెచ్చుకుంది. ఎప్పటికైనా పళ్లు ఊడతాయి, అప్పుడు సెట్టు కట్టించుకోవచ్చని దాచింది. ఆ రోజు మొన్న వచ్చింది. ఇద్దరం డబ్బు మార్చే ఆఫీసుకు వెళ్లాం.

అద్దానికి అడుగున చిన్న కంత. మాట్లాడాలంటే నడుం వంచాలి. మనకు వినయం నేర్పడానికే అయి ఉంటుంది. లోపల గోడ మీద పోస్టరు. ముప్పై రెండు పళ్లతో నవ్వుతున్న ఒకావిడ, కింద ‘ఈనాటి పొదుపే రేపటి చిరునవ్వు’.

"ఈ నోట్లు తీసేశారమ్మా," అన్నాడు గుమాస్తా. "వీటి మీది బొమ్మలో రాజుగారు ఎడమవైపు చూస్తున్నారు. ఇప్పుడు కుడివైపు చూసేవే చెల్లుతాయి."

"ఆయన అటు తిరిగితే నేను తోమిన గిన్నెలు మళ్లీ మురికైపోయాయా బాబూ?"

గుమాస్తా రూల్సు పుస్తకం తిరగేశాడు. గిన్నెల గురించి అందులో లేదు.

"మీరే స్వయంగా ఆ దేశం వెళ్లి, అక్కడి పెద్ద బ్యాంకులో ఇస్తే మారుస్తారమ్మా."

"మరి ఈ చిల్లర?"

"నాణేలు ఎవరూ తీసుకోరు. పిల్లలకు ఆడుకోడానికి ఇచ్చేయండి."

చూశారా! నోట్లకు విమానయానం, నాణేలకు ఆటపాటలు! మామూలు డబ్బుకు ఇంత భోగం ఎక్కడుంది?

బయట మెట్ల దగ్గర ఒక బేరగాడు నిలబడి ఉన్నాడు. సూట్‌కేసు నిండా ఎడమవైపు చూసే రాజులే. సగానికి కొంటానన్నాడు.

"మాకు చెల్లనిది నీకెలా చెల్లుతుందయ్యా?" అడిగింది అక్క.

"మేం మూట కట్టి ఆ దేశం పంపిస్తామమ్మా. మూటలో ఉంటే ఆయన ఎటు చూసినా ఫర్వాలేదు."

అంతలో గుమాస్తా రెండు టీ కప్పులతో బయటికొచ్చాడు. ఒకటి బేరగాడిది.

అక్క నోట్లు ఇచ్చేసింది. ఆ సగం డబ్బుకు పళ్ల డాక్టరు పై వరస కట్టాడు. కింది వరస బేరగాడి సూట్‌కేసులో ఉండిపోయింది.

ఇప్పుడు మా అక్క చక్కగా నవ్వుతుంది. నమలలేదు, అంతే. పోస్టరును తప్పు పట్టకండి. చిరునవ్వు అని రాశారు గానీ, తిండి అని ఎక్కడా రాయలేదుగా!