అరవై బొంగుల సొంత నీళ్లు

"ఒరేయ్, నీళ్లు ఒలికిపోతున్నాయి! మెల్లగా నడవండ్రా!"

ఒక పెద్ద అడవిలో గుట్టబాట పొడుగునా ఈ కేక వినిపించేసరికి పిట్టలన్నీ కింది కొమ్మల మీదకి దిగి చూశాయి. అరిచింది అటవీ సభ కార్యదర్శి నరసింగం. ఆయనొక గుంటనక్క. ఆయన ముందు ఆరు అడవిదున్నలు నడుస్తున్నాయి. ఒక్కో దున్న వీపు మీద పది వెదురుబొంగులు, బొంగు బొంగు నిండా నీళ్లు.

ఎక్కడికీ ఇన్ని నీళ్లూ అంటారా? పొరుగు అడవి వాళ్లని నీళ్లు అడగడానికి వెళ్తున్నారండీ.

సంగతేమిటంటే, వీళ్ల అడవి దిగువన ఉంటుంది. వాగు ఎగువ అడవిలో పుట్టి ఇక్కడికి రావాలి. మూడేళ్ల కిందట ఎగువ వాళ్లు రాళ్లు పేర్చి అడ్డంగా కట్ట వేసుకున్నారు. అప్పట్నుంచీ దిగువన వాగంటే ఉత్త ఇసుకే. మిగిలింది ఒకే ఒక్క మడుగు. ఎండలింకా ముదరనే లేదు, అప్పుడే ఆ మడుగులో జింకపిల్ల మోకాలు తడవడం లేదు. కట్టకి గండి తీయించుకుని రాకపోతే ఈ వేసవి గడవదు. అందుకని అధ్యక్షులు ఏనుగు గారు స్వయంగా ప్రతినిధి బృందాన్ని వెంటబెట్టుకుని బయల్దేరారు.

బృందం చివర్న చిన్న మూటతో సూదమ్మ నడుస్తోంది. ముళ్లపంది. సభ ఆఫీసులో టీ పెట్టడం ఆమె ఉద్యోగం. అడవిలో టీపొడి ఎక్కడిదని మాత్రం అడక్కండి. ఆఫీసంటూ ఉన్నాక టీపొడి లేకుండా ఎలా ఉంటుంది?

ఆమె మూటలో ఓ గిన్నె, కాస్త అల్లం, రాలిపోయిన తన ముళ్లతో తనే అల్లుకున్న వడపోత. ఏ కొత్త చోటికి వెళ్లినా ఆమె మొదట చేసే పని ఒకటే. అక్కడి నీళ్లు ఓ గుక్క నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, కాసేపు అలా ఉండిపోయేది. ఉప్పనీళ్లయితే పొడి కాస్త ఎక్కువ వేసేది, తేటనీళ్లయితే తక్కువ.

"ఇంటి టీ ఇంకో చోట రాదు బాబూ. ఆ చోట ఏం దొరికితే దాంతో మంచి టీ పెట్టుకోవాలి, అంతే" అనేది.

ఈసారి ఆ పద్ధతికి నియమం ఏడు అడ్డమొచ్చింది. రాసింది నరసింగమే. "శిబిరములో ఉన్నంతకాలము బృందము సొంత అడవి నీళ్లు, సొంత అడవి పాలతో కాచిన టీ మాత్రమే సేవించవలెను."

"ఎందుకు బాబూ ఈ మోత?" అంది సూదమ్మ, నరసింగం పక్కకి వచ్చి. "ఎగువన నీళ్లు పుష్కలంగా ఉంటాయి కదా. ఈ అరవై బొంగులూ మడుగులో వదిలేసుంటే పిల్లలకి పది రోజులు వచ్చేవి."

పిల్లలంటే ఊరికే అనలేదు. ఆమెకి ముగ్గురు. బయల్దేరేటప్పుడు వాళ్లకి తలా దోసెడు నీళ్లు పోసి వచ్చింది.

"నీకు రాజకీయం తెలీదు సూదమ్మా" అన్నాడు నరసింగం. "వాళ్ల నీళ్లు తాగి, వాళ్ల ముఖమ్మీదే నీళ్లు డిమాండు చేయగలమా? గొంతు మెత్తబడిపోదూ?"

"మరి పాలు? ఈ ఎండకి విరిగిపోతాయి కదా బాబూ."

"విరిగితే విరిగాయి. సొంత పాలు."

ఆయన వెనకాలే బావమరిది సుగంధం. పునుగుపిల్లి. ఈ ప్రయాణం కోసమే 'టీ పర్యవేక్షకుడు' అని ఓ కొత్త పోస్టు పుట్టించి అతన్ని అందులో కూర్చోబెట్టారు. చేతిలో కొలత చెంచా ఉంది.

"కప్పుకి చెంచా పొడి. ఎక్కడైనా, ఎప్పుడైనా" అన్నాడు సుగంధం. "నాకు నేర్పకు సూదమ్మా. మా వాళ్ల కడుపులోంచి వచ్చిన కాఫీ గింజలకి విదేశాల్లో ఎంత గిరాకీయో తెలుసా?"

"తెలుసు బాబూ. అందుకే మీరు గిన్నెకి కాస్త దూరంగా ఉండండి" అంది సూదమ్మ.

నరసింగం సంచిలో ఇంకో కాగితం కూడా ఉంది. సూదమ్మని ఉప్పుగుట్ట చౌకీకి బదిలీ చేస్తూ ఉత్తర్వు. ఆ చౌకీ మూడు రోజుల నడక. పిల్లల్ని తీసుకెళ్లడానికి వీల్లేదు. ఆమె స్థానంలో సుగంధం. సంతకాలన్నీ అయిపోయాయి, తేదీ ఒక్కటే ఖాళీ. శిబిరంలో టీ బాగాలేదని అధ్యక్షుల వారి నోటంట ఒక్క మాట వస్తే చాలు. ఈ సంగతి సూదమ్మకి తెలుసు. ఆఫీసులో టీ ఇచ్చేవాళ్లకి తెలియని కాగితం ఏముంటుంది?

రెండు రోజులు నడిచి, మూడో రోజు పొద్దున ఎగువ అడవి చేరారు.

అక్కడి పెద్ద కోటేశమ్మ. వయసు మళ్లిన కణితి దుప్పి. ఆమె తనే ఎదురొచ్చి, కొత్త కుండలో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది.

"ఎండనపడి వచ్చారు. కాళ్లు కడుక్కుని, ముందు మంచినీళ్లు పుచ్చుకోండి."

ఏనుగు గారు తొండం చాపబోయారు. నరసింగం అడ్డమొచ్చాడు.

"వద్దమ్మా. మా నీళ్లు మాకున్నాయి."

కోటేశమ్మ కుండ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇంటికొచ్చినవాళ్లు మంచినీళ్లు వద్దంటే ఇక మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుందో సూదమ్మకి అప్పుడే అర్థమైంది. చెప్పబోతే నరసింగం, "నువ్వు టీ సంగతి చూడు" అన్నాడు.

టీ సంగతి ఏం చూస్తుంది పాపం. నీళ్లు రెండు రోజులు బొంగుల్లో మగ్గి పచ్చి వెదురు కంపు కొడుతున్నాయి. పాలు పెరుగయ్యే దారిలో సగం దూరం వచ్చేశాయి. సుగంధం పక్కన నిలబడి, కప్పుకి చెంచా చొప్పున లెక్క తప్పకుండా పొడి వేయించాడు.

ఏనుగు గారు ఓ గుక్క లోపలికి పీల్చారు. తొండం చివర మూడు మెలికలు తిరిగింది.

"ఏమిటిది?"

"టీ అండి. నియమం ఏడు ప్రకారం" అన్నాడు నరసింగం.

టీ పడకపోతే ఏనుగు గారికి తలనొప్పి. ఏనుగు తల కాబట్టి నొప్పి కూడా ఆ సైజులోనే ఉంటుంది. ఆ నొప్పితోనే చర్చలకి కూర్చుని, నరసింగం చేతికిచ్చిన కాగితం గట్టిగా చదివేశారు. "మా అడవిలో చుక్క నీరు లేదు. తక్షణమే కట్టకు గండి తీయవలెనని డిమాండు చేయుచున్నాము."

కోటేశమ్మ ఆయన్ని చూడలేదు. చెట్టు కింద వరసగా ఆనించి ఉన్న బొంగుల్ని చూసింది.

"చుక్క లేదంటున్నారు. మరి ఆ ఆరు దున్నలూ మోసుకొచ్చిందేమిటి?"

"అవి టీకి" అన్నాడు నరసింగం.

"టీకే అరవై బొంగులా?" కోటేశమ్మ లేచి నిలబడింది. "అలాంటి కలిగినవాళ్లకి మా వాగు నీళ్లెందుకు నాయనా? మావాళ్లంతా చూశారు. ఇప్పుడు నేను గండి తీయమన్నానంటే నన్నే తీసుకెళ్లి ఆ గండిలో పూడ్చేస్తారు. వెళ్లి రండి."

మూడేళ్ల గొడవ మీద చర్చలు అంతటితో ముగిశాయి. టీ చల్లారడానికి కూడా అంతకంటే ఎక్కువసేపు పట్టింది.

ఏనుగు గారు తల పట్టుకుని, "అసలు ఆ టీ బాగాలేదయ్యా" అన్నారు. నరసింగం కాగితం తీసి తేదీ వేశాడు.

సూదమ్మ ఉత్తర్వు తీసుకుని రెండుసార్లు చదివింది. పిల్లలకి ఇక నీళ్లూ లేవు, అమ్మా ఉండదు. కాగితం మడిచి మూటలో పెట్టి, గిన్నె తీసుకుని తిన్నగా కోటేశమ్మ దగ్గరికి వెళ్లింది.

"అత్తా, ఒక గిన్నెడు నీళ్లిస్తావా?"

"మీకున్నాయిగా, అరవై బొంగులు."

"ఉన్నాయి. కంపు కొడుతున్నాయి. నాకు బదిలీ అయిపోయింది కాబట్టి శిబిరం నియమం ఇక నాకు పట్టదు. వెళ్లేలోపు మీ నీళ్లతో ఒక్క మంచి టీ తాగుదామని." ఆగి, ఇంకో మాట కూడా అనేసింది. "చుక్క లేదన్నది అబద్ధం అత్తా. ఒక్క మడుగుంది. అందులోంచే ఆ బొంగులు నింపారు. మా పిల్లలకి దోసెడు చొప్పున పోసి వచ్చాను. అవి అయిపోతే ఏం తాగుతారో తెలీదు. నీకు వీలైతే కాస్త నీళ్లు వదులు."

కోటేశమ్మ ఆమె చేతిలోంచి గిన్నె అందుకుంది.

"మూడేళ్లలో మీవాళ్లు పదకొండు ఉత్తరాలు రాశారే అమ్మాయ్. హెచ్చరించుచున్నాము, ఖండించుచున్నాము, డిమాండు చేయుచున్నాము. ఇస్తావా అని అడిగింది నువ్వొక్కదానివే."

"చిత్తులో ఉండే ఉంటుంది అత్తా. సాపు రాసేటప్పుడు కొట్టేసుంటారు."

కోటేశమ్మ నవ్వాపుకోలేక తనే గిన్నె నింపి ఇచ్చింది. సూదమ్మ ఓ గుక్క నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంది. రాళ్ల సందుల్లోంచి వచ్చిన నీళ్లు. తేటగా, చివర్లో కాస్త తియ్యగా ఉన్నాయి.

"సగం చెంచా చాలు" అంది.

అక్కడి కొండగేదె దగ్గర అప్పటికప్పుడు పితికిన పాలు సూదమ్మ వేరే కాచింది. నీళ్లు తెర్లాక అల్లం దంచి వేసి, పొడి వేసి, దించి, మూత పెట్టి, ఓపిగ్గా ఆగింది. ఆ ఆగడంలోనే ఉంది అసలు పనితనం. మూత తీసి పాలు కలిపేసరికి వాసన చెట్ల మధ్య నుంచి అలా వెళ్లింది. దాని దారి పట్టుకుని ముందు తొండం వచ్చింది, తర్వాత ఏనుగు గారు వచ్చారు. వెనకే ఎగువ వాళ్లూ, దిగువ వాళ్లూ. సూదమ్మ ఇంకో కుండెడు కాచి అందరికీ పోసింది.

ఏనుగు గారు ఒక్క కప్పు తాగి, తల అటూ ఇటూ ఊపి చూసుకున్నారు. నొప్పి లేదు.

"ఈ నీళ్లెక్కడివి?"

"వీళ్లవేనండి" అంది సూదమ్మ.

"అధ్యక్షా! నియమం ఏడు!" అన్నాడు నరసింగం.

"ఏడు తర్వాత ఎనిమిది ఉంటుంది కదయ్యా. నువ్వెళ్లి దాని సంగతి చూడు." ఏనుగు గారు కోటేశమ్మ వైపు తిరిగారు. "పొద్దున మీ కుండ వెనక్కి పంపడం తప్పేనమ్మా. కాస్త నీళ్లిప్పించండి."

కోటేశమ్మ తనవాళ్ల వైపు చూసింది. కప్పుల్లో మూతులు పెట్టి ఉన్నవాళ్లు ఎవరు కాదంటారు?

దున్నలు ఆరూ కట్ట దగ్గరికి వెళ్లి నాలుగు రాళ్లు పక్కకి నెట్టాయి. వాగు కదిలింది. మళ్లీ మోయడం మావల్ల కాదంటూ బొంగుల్లో నీళ్లు కూడా అందులోనే ఒంపేశాయి. వీళ్లకంటే ముందే అవి ఇల్లు చేరతాయి.

"నెలకోసారి మట్టం చూడ్డానికి ఈ అమ్మాయే రావాలి. ఇంకెవరొచ్చినా మాట్లాడను" అంది కోటేశమ్మ.

"ఆమెకి బదిలీ అయిపోయిందమ్మా. ఇచ్చిన ఉత్తర్వు వెనక్కి తీసుకునే నియమం మాకు లేదు" అన్నాడు నరసింగం.

"లేకపోతే మానె" అన్నారు ఏనుగు గారు. "ఆ ఉప్పుగుట్ట చౌకీనే మన ఆఫీసు పక్కకి బదిలీ చేసేయండి."

మధ్యాహ్నానికి విస్తళ్లు వేశారు. కాల్చిన దుంపలు, తునికి పళ్లు, ఇప్పపూలు, దొప్పల్లో తేనె. ఎగువ వాళ్లూ దిగువ వాళ్లూ కలిసిపోయి కూర్చున్నారు. సూదమ్మ పక్కన మాత్రం, ముళ్లకి భయపడి, కాస్త జాగా వదిలారు. నరసింగం ఓ చేత్తో దుంప తింటూ, ఇంకో చేత్తో నివేదిక రాస్తూ కూర్చున్నాడు: "మా డిమాండుకు ఎగువ అడవి తల వంచినది."

నీతి: అడిగితే ఇచ్చేవాళ్ల దగ్గరికి ఎప్పుడూ డిమాండు చేసేవాళ్లనే పంపాలి; లేకపోతే ప్రతినిధి బృందాలకి పనుండదు.