వెన్నెల పంచిన రొట్టెలు

ఆ రోజు గిరిబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే భార్య సుప్రియను సూళ్లూరుపేట రైలెక్కించాలి. మధ్యాహ్నం రెండున్నరేళ్ల కూతురు వెన్నెలకు కడుపునిండా అన్నం పెట్టాలి. సాయంత్రం రైలు దిగొచ్చిన భార్యకు నవ్వుతున్న బిడ్డను అప్పగించాలి. మధ్యలో బిడ్డ నిద్రపోతే తనూ ఒక కునుకు తీయాలన్నది భార్యకు చెప్పని భాగం.

పథకం చిన్నదే గాని దాని మీద పడిన బరువు చిన్నది కాదు. సూళ్లూరుపేటలో ఒక స్కూల్లో సుప్రియకు టీచరు ఉద్యోగం దాదాపు ఖాయమైంది. ఆ రోజు పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి, అంతే. ముందున్న టీచరు కాన్పు సెలవు మీద పోయి మళ్లీ రాలేదు. అందుకే ప్రిన్సిపాల్ ఏసుమణి మేడమ్ ఫోనులోనే అడిగేసింది, "దగ్గర్లో పెద్ద లీవులేమీ పెట్టవు కదమ్మా?" అని. ఇక మిగిలింది వెన్నెల. రొయ్యల మేత కంపెనీలో పనిచేసే గిరిబాబు, ఇంట్లో కూర్చుని కూడా పని చేసుకోవచ్చని ఆఫీసులో ఒప్పించుకుని వచ్చి, "పాప సంగతి నాకొదిలెయ్" అన్నాడు. సుప్రియ అతన్ని ఎగాదిగా చూసి, "ఒక్క రోజు చూసుకుని చూపించండి. బిడ్డ పస్తుంటే మాత్రం ఆ ఉద్యోగం నాకొద్దు" అంది.

రైలు కదులుతుంటే కిటికీలోంచి మళ్లీ చెప్పింది. "పప్పన్నం కలిపి పెట్టినా. తినకపోతే డబ్బాలో రొట్టెలుండాయి. ఫోను చూపించి మాత్రం తినిపించొద్దండీ."

"నాకు తెలుసులే."

"మీకేం తెలుసో నాకూ తెలుసులే" అంటూ ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆ నవ్వు కోసమైనా గెలవాలని గిరిబాబు గట్టిగా అనుకున్నాడు.

మధ్యాహ్నం అయ్యేసరికి పప్పన్నం గోడ మీదా, చాప మీదా, గిరిబాబు చెవి వెనకా ఉంది. వెన్నెల నోట్లో తప్ప అన్ని చోట్లా ఉంది. బంద్ రోజు దుకాణం షట్టరులా ఆ బుజ్జి నోరు మూసుకుపోయింది. కాకిని చూపించాడు. కాకిలా అరిచాడు. చెంచాను విమానం చేసి ఇల్లంతా తిప్పాడు. విమానం ఎక్కడా దిగలేదు. చివరికి నరేంద్రబాబుకు ఫోన్ చేశాడు.

నరేంద్రబాబు ఆఫీసులో పక్క సీటు. ఇద్దరు పిల్లల తండ్రి. ఏ విషయంలోనైనా సలహాకు తడుముకోవడమన్నది ఎరగనివాడు.

"నువ్వు తినిపించబాకరా గిరీ" అన్నాడు అడగ్గానే. "రొట్టె బిడ్డ చేతికిచ్చెయ్. దాని తిండి అదే తింటాది. ఇంకోటి, గోడల్ని చూస్తా ఎవురికైనా ఆకలేస్తాదా? బయటికి ఎత్తకపో, జనాన్ని చూపించు."

"సరే."

"ఉండు, అసలైంది చెప్పలా. బిడ్డ ముందర వద్దు అనే మాట అనబాక. మొండికేస్తారు. ఎవురికన్నా ఏదన్నా పెడితే చప్పట్లు కొట్టు. పంచుకునే బుద్ధి ఈ వయసులోనే రావాల. మా ఇంట్లో అట్నే చేసినా."

నరేంద్రబాబు ఇంట్లో పిల్లలు ఒక్క బిస్కెట్టు కోసం జుట్లు పట్టుకోవడం గిరిబాబు కళ్లారా చూశాడు. కానీ మునిగేవాడు గడ్డిపోచను ఎంచడు. వెన్నెలకు ఎర్ర గౌను తొడిగి, రొట్టెల డబ్బా తీసుకుని బయలుదేరాడు. జనం కోసం వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. వాళ్ల సందు దాటితే దర్గా, దాన్ని ఆనుకుని స్వర్ణాల చెరువు. ఆ రోజుల్లో అక్కడ ఇసుక వేస్తే రాలదు, ఎందుకంటే రొట్టెల పండగ జరుగుతోంది.

నెల్లూరు వాళ్లకు ఆ పండగ గురించి చెప్పక్కర్లేదు. కోరిక తీరినవాళ్లు ఆ చెరువులో నిలబడి రొట్టె ఇస్తారు. కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుని తింటారు, తీరాక మరుసటేడు వచ్చి తామూ ఇస్తారు. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె, సంతానం రొట్టె, ఎవరికి కావలసింది వాళ్లకు. కులం, మతం, ఊరు ఎవరూ అడగరు. ఆ నీళ్ల దగ్గర చేతిలో రొట్టెతో నిలబడ్డవాడు మధ్యాహ్న భోజనం చేస్తున్నాడని మాత్రం ఎవరూ అనుకోరు. పెళ్లి రొట్టె తిని ఏడాది తిరక్కుండా సుప్రియను తెచ్చుకున్న గిరిబాబుకు ఈ సంగతి గుర్తుండాల్సింది. కానీ అప్పుడతని బుర్ర నిండా నరేంద్రబాబే ఉన్నాడు.

గట్టు మెట్ల మీద, పాదాలు తడిసేచోట వెన్నెలను నిలబెట్టి రొట్టె ముక్క చేతికిచ్చాడు. నీళ్లు, బుడగలమ్మేవాళ్లు, తడి చీరలు, ఎండలో మెరిసే గాజులు చూసి వెన్నెలకు కళ్లు చాలలేదు. షట్టరు తెరుచుకుంది. ఒక ముక్క కొరికింది. గిరిబాబు గుండె పొంగిపోయింది. వెన్నెల మరో ముక్క కొరకబోయి, ఎదురుగా నిలబడి తననే చూస్తున్న అమ్మాయి వైపు చెయ్యి చాపి, "ఇంద" అంది.

ఆ అమ్మాయి మెడలో పసుపుతాడు కొత్తదనం ఇంకా పోలేదు. పక్కన మొగుడు ఫోను పట్టుకుని ఉన్నాడు. ఆమె వెంటనే కొంగు పట్టి, ఆ ఎంగిలి ముక్కను అందుకుని కళ్లకద్దుకుంది.

"శభాష్ తల్లీ" అని గిరిబాబు చప్పట్లు కొట్టాడు.

"పులికాట్ కాడ నుంచి పొద్దున్నే వచ్చినామన్నా" అంది ఆ అమ్మాయి. ఆమె పేరు ఉష. "సంతానం రొట్టె ఎవుర్ని అడగాల్నో తెలీక, సిగ్గేసి నిలబడిపోయినా. బిడ్డే పిలిచి ఇచ్చింది."

అప్పుడు వెలిగింది గిరిబాబుకు. అది మొక్కు రొట్టె కాదమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఉష కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పైగా బిడ్డ ముందర వద్దు అనే మాట అనకూడదు. తెరిచిన నోరు మూసుకున్నాడు. కొంప మునిగింది అక్కడే.

"అన్నా, పాపను ఇంకోసారి ఇమ్మను, వీడియో తీస్తా" అన్నాడు ఉష మొగుడు ముఖేష్. వెన్నెలకు చప్పట్లు బాగా నచ్చాయి. ఈసారి అడగకుండానే డబ్బాలో చెయ్యి పెట్టి రొట్టె తీసింది. ఒక కొరుకు కొరికి "ఇంద" అంది. ఉష పక్కనున్నామె పుచ్చుకుంది. ఆ పక్కనున్నామె చెయ్యి చాపింది. పసిబిడ్డ కొరికి ఇస్తోందట అన్న మాట గట్టు మీద గాలికంటే వేగంగా పాకింది. కాసేపటికి వాలంటీరొకతను మైకులో, "సంతానం రొట్టె కావాల్సినోళ్లు ఎర్ర గౌను పాప కాడికి లైన్లో రావాల. తోసుకోబాకండి. పాప యాడికీ పోదు" అని ప్రకటించాడు.

అసలు ఇంటికి పోదామనే గిరిబాబు అప్పటిదాకా ఆలోచిస్తున్నాడు. రొట్టెలు అయిపోతే పోవచ్చనుకున్నాడు. కానీ సంతానం కలిగి మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు, ఇంత సందడి చూసి తమ రొట్టెలు కూడా వెన్నెల చేతికే ఇచ్చారు. ఈ చేత్తో తీసుకోవడం, కొరకడం, ఆ చేత్తో "ఇంద" అనడం. డబ్బా ఖాళీ అయ్యే దారే కనబడలేదు.

లైన్లో కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దామె, కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. రాగానే తన కొంగు తీసి వెన్నెల ముక్కు తుడిచి, "ఎండలో బిడ్డకు టోపీ లేదేంది? వాళ్లమ్మ యాడ?" అని నిలదీసింది.

"ఉద్యోగం పనిమీద పోయిందండీ. ఈ రోజు పాప నా డ్యూటీ." ఆ కళ్లజోడు ముందు గిరిబాబుకు అబద్ధం నిలవలేదు. ఆమె చెవి దగ్గర వంగి, "మీతో చెప్తుండా, ఇది మొక్కు రొట్టె కాదండీ. మా ఇంట్లో రెండో కాన్పేమీ లేదు. ఇది పాప మధ్యాహ్నం అన్నం. తినిపించను వస్తే ఇట్టా అయింది. మీ అమ్మాయికి వేరే ఎవురి దగ్గరన్నా ఇప్పించండి" అన్నాడు.

ఆమె అతన్ని, వెన్నెలను, పొడుగాటి లైనును చూసింది. "బిడ్డ తన ముద్ద తీసి పెడతా ఉంటే ఇంకెవురి దగ్గరికి పొయ్యేది?" అని కూతురి చేత కొంగు పట్టించింది. వెన్నెల "ఇంద" అంది.

గిరిబాబుకు ఆకలి దంచేస్తోంది. అది మొహంలో కనబడిందేమో, చేపల రేవు నుంచి వచ్చిన అంకాలమ్మ అనే అవ్వ లైను పక్కగా వచ్చి, "అందరికీ పెట్టిస్తుండావు, నీకెవురు పెడతారు నాయనా? తిను" అంటూ వెచ్చటి రొట్టె చేతిలో పెట్టింది. బెల్లం వేసి చేసిన రొట్టె. ఏమిటి, ఎందుకు అని అడక్కుండా మూడు ముద్దల్లో మింగేశాడు. అవ్వ కొంగు పట్టుకున్న మనవళ్లు అతన్నే చూసి నవ్వుతుంటే తనూ నవ్వాడు. అంత రుచైన రొట్టె పెళ్లయ్యాక తినలేదని అనుకుని, సుప్రియ వినలేదు కదా అని అటూ ఇటూ చూశాడు.

ఫోన్ మోగింది. బుచ్చిరెడ్డిపాలెం నుంచి అత్తగారు చెంచులక్ష్మి.

"ఇంత మంచి మాట నాకాడ దాచినావే అల్లుడా."

"ఏం మాట అత్తయ్యా?"

"సెల్లో చూసినాలే. సంతానం రొట్టెలు ఊరికే పంచతారా ఎవురన్నా? రెండోది నిలిచింది, మొక్కు తీర్చుకుంటుండావు. నా బిడ్డకు ఎన్నో నెల?"

"అయ్యో, అదేం లేదు అత్తయ్యా. పాపకు అన్నం..."

"మూడో నెల దాకా చెప్పకూడదులే, నాకు తెలీదా? ఆవకాయ జాడీ తీసుకుని బస్సెక్కినా. వస్తుండా" అని ఆమె పెట్టేసింది.

ముఖేష్ తీసిన వీడియో జిల్లా మొత్తం తిరుగుతోందని గిరిబాబుకు అర్థమైంది. మరుక్షణం సుప్రియ ఫోన్ చేసింది. గొంతు ప్రశాంతంగా ఉంది. పెళ్లయినప్పటి నుంచీ అతనికి ఆ ప్రశాంతతంటేనే భయం.

"ఏమండీ, నాకెన్నో నెల?"

"సుప్రియా, అది..."

"స్టాఫ్‌రూములో అందరూ లేచి నాకు కుర్చీ ఇస్తుండారు. తెలుగు టీచరు చింతకాయ తెచ్చిచ్చింది. కాదంటే సిగ్గుపడతావుందని నవ్వుతుండారు."

"ప్రిన్సిపాల్ మేడమ్ చూసిందా?"

"ఆమె ఈ రోజు లీవంట. నా పాఠం వైస్ ప్రిన్సిపాల్ చూసి, బాగుందనే చెప్పినాడు. మేడమ్ సాయంత్రం ఫోన్ చేసి తేలుస్తాదంట. అంతలోపల ఈ వీడియో ఆమెకు చేరకుండా ఉంటాదా?" మళ్లీ తనే అడిగింది. "అది సరే. పాప తినిందా?"

గిరిబాబు డబ్బా చూశాడు. బిడ్డను చూశాడు. ఎన్ని రొట్టెలు చేతులు మారాయో గాని, లోపలికి పోయిందెంతో అతనికి తెలియదు. "తినిందనుకుంటా" అన్నాడు.

"అనుకుంటా" అని సుప్రియ ఆ మాటను మెల్లగా అప్పజెప్పి ఫోన్ పెట్టేసింది.

అతను వెన్నెలను భుజాన వేసుకుని, లైన్లో మిగిలినవాళ్లకు దండం పెట్టి ఇంటికి నడిచాడు. పెళ్లాం ఉద్యోగం చెరువులో కలిపేశానన్న దిగులు ఒకవైపు. మెడ మీద వెచ్చగా ఊపిరి వదులుతూ నిద్రపోతున్న బిడ్డ మరోవైపు. అంత దిగుల్లోనూ ఆ ఊపిరి హాయిగానే ఉంది.

చెంచులక్ష్మి ఆవకాయ జాడీతో గుమ్మంలోనే కూర్చుని ఉంది. నిద్రలేచిన మనవరాలిని ఒళ్లోకి తీసుకుని పొట్ట తడిమి, "బిడ్డకేం పెట్టినావు? కడుపు తప్పెట మాదిరుండాది" అంది. వెన్నెల దానికి జవాబుగా నిండుగా తేన్చింది. కొరికి ఇచ్చిన ప్రతి రొట్టెలోనూ మొదటి కొరుకు ఎక్కడికి పోయిందో గిరిబాబుకు అప్పుడు తట్టింది. బిడ్డ పస్తుండలేదు. కానీ ఆ గెలుపు పనికిరావాలంటే ముందు సుప్రియకు ఉద్యోగం ఉండాలిగా.

సుప్రియ వచ్చి చెప్పులు విడుస్తుండగానే ఫోన్ మోగింది. ఏసుమణి మేడమ్. గిరిబాబు కూడా వినాలని స్పీకరు మీద పెట్టింది.

"సుప్రియా, ఎర్ర గౌను పాప మీ పాపేనంట గదా. వీడియో చూసి స్కూలోళ్లు చెప్పినారు."

"మేడమ్, అది నిజం కాదు మేడమ్, నాకు..."

"నిజం కాదని నాకు తెలుసమ్మా. నేను ఆ లైన్లోనే ఉన్నా, మా అమ్మాయిని తీసుకుని. అది పాప మధ్యాహ్నం అన్నమని మీ ఆయన నాకాడ ఒప్పేసుకున్నాడు. ఊరంతా పొగుడుతా ఉంటే నిజం చెప్పినాడు చూడు, మొగుళ్లలో అట్టాంటోళ్లు తక్కువ. అంత ఎండలో బిడ్డ పక్క నుంచి కదలకుండా నిలబడుకోనుండాడు. ఇంట్లో అట్టాంటి మనిషి ఉంటే నువ్వు లీవులెందుకు పెడతావు? సోమవారం వచ్చి చేరు. టోపీ మాత్రం కొనమను."

సుప్రియ ఫోన్ పెట్టి గిరిబాబును చూసింది. రైలు కిటికీలోంచి నవ్విన నవ్వే మళ్లీ నవ్వింది. అమ్మ పక్కనుందని కూడా చూడకుండా అతని చెవి వెనక ఎండిపోయిన పప్పన్నం మెతుకు తీసింది. గిరిబాబు ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

"ఎన్నో నెలా లేదన్నమాట" అని చెంచులక్ష్మి నిట్టూర్చి, ఆవకాయ జాడీ మూత తీసింది. "రా అల్లుడా, అన్నం తిందువు. పొద్దుట్నుంచి పస్తే గదా."

"లేదత్తయ్యా. అక్కడ ఒక అవ్వ రొట్టె పెట్టింది. తినేసినా."

చెంచులక్ష్మి చేతిలో మూత ఆగిపోయింది. "ఏం కోరిక రొట్టె?"

"అడగలా."

"ఆ చెరువు కాడ అడక్కుండా తింటారా ఎవురన్నా? ఆమె వెంట ఎవురుండారు?"

గిరిబాబు కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. అవ్వ కొంగు పట్టుకున్న మనవళ్లు. ఒకే రంగు చొక్కాలు. ఒకే ఎత్తు. ఒకే ముక్కు. ఒకే నవ్వు.

"ఇద్దరు" అన్నాడు నెమ్మదిగా. "కవలలు."

సుప్రియ నవ్వు ఆగిపోయింది. చెంచులక్ష్మి నవ్వు మొదలైంది. వెన్నెల చప్పట్లు కొట్టింది.

గిరిబాబు వరండాలోకి పోయి, ఒకేసారి పుట్టిన ఇద్దరికి అన్నం పెట్టడమెలాగని నరేంద్రబాబును అడిగాడు. ఎన్నడూ సలహాకు తడుముకోని నరేంద్రబాబు, సిగ్నల్ సరిగ్గా లేదని ఫోన్ పెట్టేశాడు.