సవరణ వేయని పత్రిక

"ఒరేయ్, ఈ ఉద్యోగం ఏదో ఒకరోజు నీ ప్రాణం మీదికి తెస్తుందిరా!" అంది తల్లి, ఇంకా ఏమీ జరగకముందే. కొడుకు తుమ్మితే ఆసుపత్రి దాకా వెళ్లి వచ్చే మనసు ఆమెది.

ఉద్యోగం మాత్రం సామాన్యమైనది కాదు. ఆ ప్రాంతానికంతటికీ తెల్లవారేదే ఆ దినపత్రికతో. పుట్టిన నాటి నుంచి ఒక్క సవరణ కూడా వేయని ఘనచరిత్ర దానిది. తప్పులు పడలేదని కాదు, ఊరే సర్దుకునేది. గడియారస్తంభం కూలిందని వేస్తే మున్సిపాలిటీవారు మర్నాడే శ్రద్ధగా కూల్చేశారు. హెడ్మాస్టరుగారు పోయారని వేస్తే, ఆయన తన సంతాపసభకు వెళ్లి నాలుగు మంచి మాటలు చెప్పి, ఆ తర్వాత వీధిలో కనిపించడం మానేశారు. పెద్దమనిషి.

కొడుకు అక్కడ సబ్ ఎడిటర్. ఉపన్యాసాలు ఎటూ మారవు గనక సభల వార్తలు ముందే రాసి పెట్టుకోవడం ఆ ఆఫీసు ఆనవాయితీ. అలాగే నది మీద కొత్త వంతెనను మంత్రిగారు ప్రారంభించారని రాసేశాడు. వార్త అచ్చయింది. మంత్రిగారు రాలేదు. అదేమంత విశేషం కాదు. వంతెన కూడా రాలేదు.

ఎడిటర్‌గారు సిబ్బందిని సమావేశపరిచారు. "ఆ వంతెన మీద లక్షలాది పాఠకుల నమ్మకం నిలబడి ఉంది! రాసినవాడే రేపు దాని మీద నడవాలి. ఆ అనుభూతిని మొదటి పేజీకి రాయాలి. లేదా రాజీనామా రాయాలి."

"నీకు ఈత కూడా రాదు కదరా నాయనా!" తల్లి లబోదిబోమంది.

"వంతెన మీద నడవడానికి ఈతెందుకమ్మా?" అన్నాడు కొడుకు. అక్కడ చేరినప్పటి నుంచి ఇదే వరస.

మర్నాడు ఒడ్డంతా జనం. వంతెన దివ్యంగా ఉందని కొందరు, పక్క రెయిలింగ్ ఇంకాస్త ఎత్తు పెట్టాల్సిందని కొందరు. ఇక తన అవసరమేముందని పడవవాడు పేపర్ చదవగానే పడవ అమ్మేసుకున్నాడు. కొడుకు మెడలో ఐడీ కార్డు సరిచేసుకుని వంతెనెక్కాడు. నీళ్లు మోకాళ్లకొచ్చాయి, నడుముకొచ్చాయి, గడ్డానికొచ్చాయి. పెన్నూ కాగితాలూ పట్టుకున్న చెయ్యి మాత్రం పైనే ఉంది.

"కొంచెం నవ్వు బాబూ!" అరిచాడు ఫొటోగ్రాఫర్.

తల్లి తన పక్కనున్న భర్త భుజం పట్టుకుని కుదిపేసింది. "ఏమండీ, వాడు మునిగిపోతున్నాడండీ! మీ కళ్లకు కనబడటం లేదూ?"

ఆయన కళ్లజోడు తుడుచుకుని నది వైపు చూశాడు. చేతిలోని పేపర్ వైపు చూశాడు. మళ్లీ నది వైపు చూశాడు. నీళ్ల పైన ఇప్పుడు చెయ్యొక్కటే కనిపిస్తోంది.

చాలాసేపటికి ఆయన పేపర్ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"ఊరికే కంగారుపడకే. అలాంటిదేమైనా ఉంటే రేపు పేపర్లో రాదూ?"