బతుకమ్మ క్యాసెట్‌లో అంగారక యార్డు

ఎంగిలిపూల బతుకమ్మ నాటి పొద్దున యాకయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదింటికి బయలుదేరి మండి బజార్‌లో నయీముద్దీన్ ఇంటికి వెళ్లాలి. అక్కడున్న పాత టేప్ రికార్డర్‌ను స్కూటర్ మీద హన్మకొండలోని తన ఇంటికి తేవాలి. బీరువాలోంచి తీసిపెట్టిన క్యాసెట్‌ను అందులో వేసి, వచ్చే శబ్దాన్ని ఫోన్లో రికార్డు చేసి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న నయీముద్దీన్ కూతురు తమన్నాకు పంపాలి. భోజనాల వేళకు పని అయిపోవాలి. ఇంత సులువైన పని పెట్టుకున్న మనిషి ఆ సాయంత్రానికి కానిస్టేబుల్ ముందు కూర్చుని నేరం ఒప్పుకుంటూ కాగితం రాసిచ్చాడు. తప్పు మొత్తం ఆ రోజుదేనని నేను అనను. సగం తప్పు ముప్పై ఎనిమిదేళ్ల కిందటిది.

అప్పట్లో యాకయ్య కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో కొత్తగా చేరిన అసిస్టెంటు. నయీముద్దీన్ సర్కారు ఆఫీసులో మ్యాపులు గీసేవాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి. హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన ఇంటి కంప్యూటర్‌ను ఒకదాన్ని కొనుక్కుని, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నారు. అన్నం తినే కంచమంత నల్ల డబ్బా, దాని మీద రబ్బరు మీటలు. తెర కావాలంటే టీవీకి తగిలించాలి. రాసిన ప్రోగ్రాం దాచుకోవాలంటే టేప్ రికార్డర్‌కు తగిలించి, మామూలు పాటల క్యాసెట్ మీద శబ్దంగా ఎక్కించాలి. మళ్లీ ఆడాలంటే ఆ క్యాసెట్ తిప్పాలి. అది ఐదారు నిమిషాల పాటు కీచుమని అరుస్తుంది, కంప్యూటర్ ఓపిగ్గా వింటుంది, అంతా విన్నాక ఆట మొదలవుతుంది.

ఏడాది కూర్చుని వాళ్లు రాసిన ఆట పేరు ‘అంగారక మార్కెట్ యార్డు’. రెండువేల యాభైలో కేసముద్రం రైతు ఒకాయన రాకెట్ నిండా పత్తి వేసుకుని అంగారకుడి మీది యార్డుకు పోతాడు. దారిలో ఉల్కలు తప్పించుకోవాలి. దిగాక నాలుగు చేతుల దళారి కాంటా మీద ఏ చెయ్యి ఆనించాడో కనిపెట్టాలి. ఆలోగా వాన పడితే పత్తి తడిసిపోతుంది. అంగారకుడి మీద వాన ఎక్కడిదయ్యా అని లెక్చరర్ ఒకాయన అడిగితే, యార్డు అన్నాక పత్తి దించగానే వాన పడి తీరుతుందని నయీముద్దీన్ జవాబిచ్చాడు. అడిగినవాళ్లకల్లా ఉత్తపుణ్యానికి కాపీలు చేసిచ్చారు. పరకాల బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపినవి కూడా ఉన్నాయి. జిల్లా మొత్తంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు పన్నెండని వాళ్ల లెక్క. పన్నెండిళ్లకూ ఆట చేరింది.

యాకయ్య తన కాపీని మాత్రం బతుకమ్మ పాటల క్యాసెట్ మీద ఎక్కించుకున్నాడు. పైన అంటించిన పేరు చింపలేదు, కొట్టేయలేదు. కారణం వాళ్ల నాయిన. ఆ నల్ల డబ్బాను చూస్తేనే ఆయనకు ఒళ్లు మండేది, దానికి సంబంధించిన క్యాసెట్ ఏది కంటబడ్డా బావిలో పారేస్తాననేవాడు. ఆడవాళ్ల పాటల క్యాసెట్‌ను మగవాడెవడూ ముట్టుకోడని యాకయ్య ధీమా. ధీమా తప్పు కాదు, నాయిన ముట్టుకోనే లేదు. ఆడవాళ్లు ముట్టుకుంటారేమో అన్నది మాత్రం ఈ మేధావికి తట్టలేదు.

ఇన్నేళ్లలో మిగతా కాపీలన్నీ పోయాయి. కొన్నిటి మీద పెళ్లి పాటలు ఎక్కాయి, కొన్ని ఎలుకల పాలయ్యాయి, నయీముద్దీన్ కాపీ ఇల్లు మారినప్పుడు పోయింది. తమన్నా, ఆమె స్నేహితులు కలిసి ఇట్లాంటి పాత ఆటలు, సరదాకు ఇళ్లలో కూర్చుని రాసుకున్నవి, వెతికి పట్టుకుని అందరికీ ఉచితంగా పంచే వెబ్‌సైట్ ఒకటి నడుపుతున్నారు. అబ్బాజాన్, మీది కూడా పెడదామని ఆ పిల్ల అన్ననాటి నుంచి నయీముద్దీన్‌కు నిద్ర లేదు. ముందురోజు ఫోన్లో అన్న మాట యాకయ్య చెవిలోనే ఉంది. “యాకన్నా, జిందగీల మనం సొంతంగ చేసింది గదొక్కటే. మిగిలిందంత నౌకరీనే. జర పైలంగ చూస్కో.”

పైలంగా, అంటే భద్రంగా ఉండాలనే యాకయ్య క్యాసెట్‌ను ఫ్రిజ్ మీద, అందరికీ కనబడేట్టు పెట్టి వెళ్లాడు. అది ఏమిటో, ఎందుకో భార్య వరలక్ష్మికి చెప్పలేదు. కుర్రతనంలో రాకెట్ల ఆట రాశానని అరవై దాటాక చెప్పుకోవడానికి సిగ్గేసింది పాపం.

మండి బజార్‌లో టేప్ రికార్డర్ మూత తీసి చూస్తే లోపలి రబ్బరు బెల్టు చేతికి తారులా అంటుకుంది. సరే, ఒక బెల్టే కదా అని ఇద్దరూ బజారులో పడ్డారు. ఒక షాపువాడు ఆ మాట విని నవ్వాడు, ఇంకొకడు వాళ్లకు టీ తెప్పించి తన చిన్నప్పటి సంగతులు చెప్పాడు, మూడోవాడు తన పాత రేడియో కొనమని వెంటపడ్డాడు. మధ్యలో నయీముద్దీన్ ఇంట్లో భోజనం, ఆ తర్వాత మళ్లీ తిరుగుడు. చివరికి కుట్టుమిషన్లు అమ్మే చోట ఏదో రబ్బరు రింగు దొరికి, అటూ ఇటూ లాగితే కుదిరింది. అప్పటికి సాయంత్రం నాలుగున్నర.

ఇక్కడ ఇంట్లో సంగతి వేరు. నిరుడు బతుకమ్మకు కాలనీలో డీజే పెడితే కిటికీల అద్దాలు అదిరాయి, మైదానానికి ఎదురింట్లో ఉండే రాజేశ్వర్ రావు పోలీసులకు చెప్పాడు. ఆయన కోర్టులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు, నోటి మాట కంటే కాగితాన్ని నమ్మే మనిషి. అందుకని ఈసారి డీజే వద్దు, పాతకాలపు పాటలు మెల్లగా పెట్టుకుందామని ఆడవాళ్లు తీర్మానించారు. పాతకాలపు పాటలు ఎక్కడ దొరుకుతాయా అని తంగేడు పూలు పేరుస్తూనే ఆలోచిస్తున్న వరలక్ష్మికి ఫ్రిజ్ మీద క్యాసెట్ కనబడింది. ‘బతుకమ్మ పాటలు’. ఆమె మనసు కరిగిపోయింది. పెళ్లయిన ముప్పై మూడేళ్లలో అడగకుండా ఒక్క పని చేయని మొగుడు, తను అడగకముందే వెతికి తీసిపెట్టి వెళ్లాడు. ఆ సంతోషంలో పక్కింటి సుగుణకు ఫోన్ చేసి మరీ మొగుణ్ణి మెచ్చుకుంది. ఆ తర్వాత క్యాసెట్‌ను తీసుకెళ్లి మైకుసెట్టు పోశయ్య చేతిలో పెట్టింది. పోశయ్య దగ్గర క్యాసెట్ పెట్టుకునే పాత డబ్బా ఒకటి ఇంకా బతికే ఉంది. దాన్ని మళ్లీ వాడే అవకాశం వచ్చిందని ఆయనా సంబరపడ్డాడు.

యాకయ్య, నయీముద్దీన్ ఇల్లు చేరేసరికి తాళం వేసి ఉంది. యాకయ్య తన తాళంచెవితో తలుపు తీసి చూస్తే ఫ్రిజ్ మీద తంగేడు ఆకు తప్ప ఏమీ లేదు. వరలక్ష్మికి ఫోన్ చేస్తే, అది వంటింట్లోనే మోగింది. కాలనీ మైదానంలో ఉంటుందని మళ్లీ స్కూటర్ ఎక్కారు. మలుపు తిరిగారో లేదో, ఊరంతా వినబడేలా లౌడ్ స్పీకర్లు కీచుమన్నాయి.

నయీముద్దీన్ వెనుక సీటు మీది నుంచి యాకయ్య భుజం పట్టుకున్నాడు. స్కూటర్ ఆగింది. ముప్పై ఎనిమిదేళ్లయినా ఆ శబ్దం వాళ్లకు కొత్త కాదు. ముందు సన్నని ఈల, తర్వాత గరగర, మళ్లీ ఈల. పరుగెత్తాల్సిన మనుషులు నడిరోడ్డు మీద నిలబడి విన్నారు. ఆ గదీ, కిరసనాయిలు స్టవ్ మీద చాయ, పొద్దుపోయేదాకా తెర వైపు చూసిన కళ్లు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి.

“ముందుగాల తెర మీదికొచ్చే బొమ్మ అయిపోయింది,” అన్నాడు నయీముద్దీన్ మెల్లగా. “ఇగ ప్రోగ్రాం ఎక్కుతాంది. యాకన్నా, మొత్తం మంచిగనే ఉన్నది.”

ఆ మాటతో యాకయ్యకు తెలివొచ్చింది. క్యాసెట్ బాగానే ఉంది, కానీ ఉన్నది పోశయ్య చేతిలో.

మైదానంలో బతుకమ్మల చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ పేలబోతోందని ఒకావిడ అంది. కాదు, సెల్ టవర్ మైకులోకి దిగిందని ఇంకొకావిడ తేల్చింది. సుగుణ కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసింది, వాళ్లకు ఆమె మాట కంటే వెనుక శబ్దమే ఎక్కువ వినబడి అంబులెన్స్‌కు చెప్పుకొమ్మన్నారు. పోశయ్యకైతే తన యంత్రమే చెడిపోయిందన్నది నిశ్చయం. క్యాసెట్‌ను ఆయన అనుమానించలేదు. బతుకమ్మ పాటల క్యాసెట్ అట్లా అరుస్తుందని ఎవరైనా ఎందుకనుకుంటారు? వైర్లు కదిపాడు, ప్లగ్గు నొక్కాడు, స్తంభమెక్కి ఒక స్పీకర్ తీగ పీకేశాడు. రాజేశ్వర్ రావు బాల్కనీ వైపు తిరిగి ఉన్న రెండోది మాత్రం ఆగకుండా అరుస్తూనే ఉంది. ఇదంతా ముగిసేసరికి ఐదు నిమిషాల యాభై సెకన్లు గడిచాయి. అరుపు దానంతటదే ఆగిపోయింది. దిగి వచ్చిన పోశయ్యకు అప్పుడు క్యాసెట్ మీద అనుమానం వచ్చింది, మూత తెరిచి ఒక్క గుంజు గుంజాడు.

యాకయ్య చేరేసరికి పోశయ్య రెండు చేతుల నిండా టేపు సేమియాలా ఉంది. మూడు చోట్ల తెగింది, నాలుగో చోట ముడిపడి నలిగింది. జరిగిందేమిటో విన్న వరలక్ష్మికి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక కోపమొచ్చింది. “దాని మీద బతుకమ్మ పాటలని రాసి పెట్టుకుంటివి. నీ ఆట అని ఒక్క ముక్క రాస్తే నేనెందుకు ముట్టుకుంట? ఇన్నేండ్ల సంది నాకు చెప్పనన్న చెప్పకపోతివి.” ఆడవాళ్లు మైకును వదిలేసి సొంత గొంతులతో పాట అందుకున్నారు. నయీముద్దీన్ తెగిన టేపును వేలికి చుట్టుకుంటూ స్కూటర్ మీద కూర్చున్నాడు. తిట్టినా బాగుండునని యాకయ్యకు అనిపించింది.

ఆ సమయంలో కానిస్టేబుల్ బండి వచ్చింది. రాజేశ్వర్ రావు నిరుడు ఇచ్చిన ఫిర్యాదుకు సాక్ష్యం చాలలేదని వాపసు వచ్చింది. ఆ అవమానం ఆయన మరిచిపోలేదు. ఈసారి మైకు స్తంభం పాతుతున్నప్పటి నుంచే బాల్కనీలో స్టాండు వేసి ఫోన్ బిగించి కూర్చున్నాడు. పండుగ పూట మాటలతో పోనిద్దామని కానిస్టేబుల్ బతిమాలుతుంటే, ఆయన ఫోన్ పైకెత్తి చూపించాడు. “సాక్ష్యం అంటే నడుమ కట్ ఉండొద్దు. మైకు టిక్కుమన్న కాడి నుంచి బంద్ అయ్యేదాంక మొత్తం ఉన్నది, ఒక్క సెకను పోలె.”

యాకయ్య, నయీముద్దీన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ రాజేశ్వర్ రావు మీదికి ఎట్లా ఉరికారంటే, కొట్టడానికే వస్తున్నారనుకుని కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు. ఆ వీడియో ఒక్కసారి ఇవ్వండి సార్ అని యాకయ్య రెండు చేతులు జోడించాడు. చెరిపేయడానికే అడుగుతున్నారని రాజేశ్వర్ రావు ఫోన్ లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఎన్ని చెప్పినా ఆయనది ఒకటే మాట. నేరం ఒప్పుకుంటూ రాసిస్తే కాపీ ఇస్తాడు, లేకపోతే కోర్టులో చూసుకోవాలి.

“కాగితం ఇయ్యిండ్రి,” అన్నాడు యాకయ్య.

రాయొద్దని, చిన్న మాటతో పోయేదాన్ని కేసు చేసుకోవద్దని కానిస్టేబుల్ చెవిలో చెప్పాడు. యాకయ్య వినలేదు, కుర్చీ లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. నయీముద్దీన్ భుజం మీది నుంచి తొంగిచూసి నొచ్చుకున్నాడు. “నీ ఒక్కని పేరే రాస్తానవేంది? నా పేరు సుత రాయి. అంగారకుని మీద వాన నాది.” చివరికి కాగితం మీద పడ్డ మాటలు ఇవి: ‘ఈ శబ్దం మేమిద్దరం కలిసి ఏడాది కష్టపడి చేసినది. ఇందులో మూడో మనిషి చెయ్యి లేదు.’ కింద రెండు సంతకాలు. ఇంత గర్వంగా నేరం ఒప్పుకున్నవాళ్లను తన సర్వీసులో చూడలేదని కానిస్టేబుల్ తర్వాత స్టేషన్‌లో చెప్పాడట.

వీడియో తమన్నాకు చేరింది. స్పీకర్ సరిగ్గా బాల్కనీకి ఎదురుగా ఉండటంతో శబ్దం దిట్టంగా వచ్చింది. రెండు చోట్ల మాత్రం పోశయ్య తిట్లు పడ్డాయి. వాటిని కడిగి తీయడానికి ఆ పిల్లకు నాలుగు రోజులు పట్టింది. ఐదోరోజు ఆమె, ఆ పాత నల్ల డబ్బాలా నటించే ప్రోగ్రాం వేసిన లాప్‌టాప్ పట్టుకుని మండి బజార్‌కు వచ్చింది. యాకయ్య వరలక్ష్మిని కూడా వెంటబెట్టుకుని వెళ్లాడు, ఈసారి దారిపొడవునా అంతా చెప్పుకుంటూ.

తెర మీద ఒక్కో గీతా పడుతూ బొమ్మ వచ్చింది. ఎర్రటి నేల, వంకర రాకెట్, దాని కిటికీలోంచి తలపాగా. నయీముద్దీన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. యాకయ్య ఏడుస్తున్నానని ఒప్పుకోలేదు, దాచుకోనూ లేదు. ఆట రాసిన ఇద్దరూ మొదటి ఉల్కకే రాకెట్ పేల్చుకున్నారు. వరలక్ష్మి వాళ్లను జరగమని, తాను కూర్చుని, రెండో ప్రయత్నంలోనే యార్డులో దిగింది. దళారిని కాసేపు చూసి, మూడో చెయ్యి కాంటా మీద ఉందని పట్టేసింది. “ముప్పై ఏండ్లు కూరగాయలు కొన్న,” అంది. ఈ ఆట అప్పుడే నాకెందుకు చూపలేదని ఆమె అడిగితే, యాకయ్య ఇంకోసారి ఆడమని లాప్‌టాప్‌ను ఆమె వైపు మరికాస్త జరిపాడు.

ఆటను ఇప్పుడు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. ఎక్కడెక్కడి నుంచో జనం ఆడుతున్నారు. ఆ పేజీలో కింద ‘రచన: యాకయ్య, నయీముద్దీన్. రికార్డింగు: రాజేశ్వర్ రావు’ అని ఉంది. తన పేరు చూసి రాజేశ్వర్ రావు ఎంతో సంతోషించాడు, దాన్ని ప్రింటు తీయించి ఫైల్లో పెట్టుకున్నాడు కూడా.

కేసు వాయిదా వచ్చే నెల పన్నెండున ఉంది.