చెప్పుల స్టాండు పక్కన అయ్యగారు

రేవుపాలెం ట్రినిటీ చర్చి కమిటీ తమ పాస్టరు బర్నబా అయ్యగారి గొంతునీ, రెండు చేతుల్నీ ఆరాధనకి లోపలికి రానివ్వాలనీ, మిగతా అయ్యగారిని చెప్పుల స్టాండు పక్కన బల్ల మీద కూర్చోబెట్టాలనీ తీర్మానించి, వచ్చే ఆదివారం నుంచే అమల్లో పెట్టింది. అందులో గొడవేమీ జరగలేదు. తీర్మానం చదివి వినిపించాక అందరికీ టీ ఇచ్చారు, అయ్యగారికి కూడా ఇచ్చారు.

అంతకుముందు జరిగింది మాత్రం గొడవే. ఒక ఆదివారం ప్రకటనలప్పుడు, స్త్రీల సమాజం కూడికకీ కోతపండుగ వేలంపాటకీ మధ్యలో, అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకో సంగతి. ఆమోసు గారు నాతోపాటు బంగళాలో ఉంటున్నది అద్దె కలిసొస్తుందని కాదు. ఆయనే నా ఇల్లు. మీ దగ్గర దాచిపెట్టి ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇవ్వడం నావల్ల కావడం లేదు" అన్నారు. తర్వాత వేలంపాటకి గుమ్మడికాయలు ఎవరెవరు తెస్తున్నారో చదివారు. గుమ్మడికాయల సంగతి ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

సంఘం నిలువునా చీలింది. అయ్యగారు ఉండాల్సిందేనని సగం మంది, పోవాల్సిందేనని సగం మంది. ఇటూ వాక్యం చూపించారు, అటూ వాక్యం చూపించారు. ఇటూ ఏడ్చారు, అటూ ఏడ్చారు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు మార్తమ్మగారు పోవాల్సిందేనన్న వైపు, ఆవిడ భర్త ఉండాల్సిందేనన్న వైపు. పాపం ఆ ఇంట్లో కొన్నాళ్ళు రెండు పొయ్యిలు వెలిగాయి. బిషప్ గారికి రాస్తే, మీలో మీరు ప్రేమతో తేల్చుకోండని జవాబొచ్చింది. ఎన్నిసార్లు చేతులెత్తించినా రెండువైపులా సమానంగానే లేచాయి.

అప్పుడు కమిటీ సెక్రటరీ సువర్ణరాజు గారు ఒక దారి చూపించారు. ఆయన తాసిల్దారుగా చేసి రిటైరైన మనిషి, గట్టు తగాదాలు ఎన్ని చూశారో లెక్కలేదు. "ఒప్పుకున్నంత మేరకి ఒప్పుకుందాం. ఒప్పుకోనిది పక్కన పెడదాం" అన్నారాయన. అయ్యగారి ప్రసంగం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. చేతుల మీదా లేదు, ఊళ్ళో పిల్లలందరికీ బాప్తిస్మం ఇచ్చినవి ఆ చేతులే. తంటా అల్లా మిగిలిన మనిషితోనే. ఆమోసు గారి విషయం కూడా చూశారు. ఆయన పెద్దాసుపత్రిలో ల్యాబు టెక్నీషియను, క్వయర్లో కింది స్వరం, బేసు, పాడతారు. ఆయన నోరు తెరిచి ఏమీ చెప్పలేదు కాబట్టి ఆయన్ని మొత్తంగా లోపలికి రానివ్వచ్చని తేలింది.

గొంతు తీయడం పెద్ద పనేం కాదు. అయ్యగారు బల్ల మీద కూర్చుని కాస్త తల పైకెత్తితే, సువర్ణరాజు గారు దాన్ని స్టీలు క్యారేజీ గిన్నెలోకి దించుకుని మూత పెట్టేవారు. చేతుల్ని ఉతికిన బల్లగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకునేవారు. మూత సరిగ్గా బిగించకపోతే దారిలో ఒకటీ అరా ఆమెన్లు కారిపోయేవి, అంతకు మించి ఇబ్బంది లేదు. పుల్పిట్ మీద మూత తీయగానే గొంతు దానంతటది కీర్తన నంబరు చెప్పేది. ఆశీర్వాదం అయ్యాక అన్నీ తిరిగి తెచ్చి అప్పజెప్పేవారు.

ఆలస్యంగా వచ్చినవాళ్ళు స్టాండు దగ్గర అయ్యగారికి వందనాలు చెప్పి, చెప్పులు విడిచి, లోపలికెళ్ళి అదే అయ్యగారి ప్రసంగం వినేవారు. అయ్యగారు తల ఊపేవారు. ఎండ ముఖం మీదికొస్తే బల్ల మీద కొంచెం జరిగి కూర్చునేవారు. ఇదేమిటని అడిగినవాళ్ళు మొదటి రెండు మూడు వారాల్లో ఉన్నారు, తర్వాత లేరు.

ఆ చర్చిలో ప్రభువు బల్లకి ముందు సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకునే ఆచారం ఉంది. పాస్టరు ఒక్కో వరస మొదట్లో ఉన్నవారి కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని ఇస్తారు, అది వరసంతా ఒకరి నుంచి ఒకరికి వెళుతుంది. చేతులు ఆ పని చక్కగా చేసేవి. క్వయరు వరసలో మొదట నిలబడేది ఆమోసు గారు. ఆ చేతులు ఆయన చేతిని నలుగురి ముందూ పట్టుకోగలిగింది వారం మొత్తానికి ఆ ఒక్కసారే. కాస్త ఎక్కువసేపే పట్టుకునేవి. మార్తమ్మగారు అది కనిపెట్టి, "మాకిచ్చే సమాధానం కంటే ఆయనకిచ్చేది పెద్దదిగా ఉంటోంది" అని ఫిర్యాదు చేశారు. అందరికీ ఒకే కొలత ఉండాలని కమిటీ చేతులకి చెప్పింది. చేతులు విన్నట్టే ఉండేవి, క్వయరు దగ్గరికి వెళ్ళేసరికి మర్చిపోయేవి.

వానాకాలంలో ఆమోసు గారికి కామెర్లు ముదిరాయి. తన రక్తం రిపోర్టు తనే చదువుకుని, మడిచి దిండు కింద పెట్టుకున్నారు. బంగళాలో అయ్యగారు గొంతుతో, చేతులతో, మొత్తంగా ఆయన పక్కనే కూర్చుని జావ తాగించేవారు.

"నన్ను గోతిలోకి నువ్వే దించు బర్నబా. మొత్తంగా రా. ముక్కలుముక్కలుగా రాకు" అన్నారు ఆమోసు గారు.

"వస్తాను" అన్నారు అయ్యగారు.

"నేను ఆ రోజే నీ పక్కన లేచి నిలబడాల్సింది."

"ఊరుకో ఆమోసూ. జావ చల్లారిపోతోంది."

రెండు రోజులకి ఆమోసు గారు పోయారు. బంధువులకి కబురు చేస్తే ఎవరూ రాలేదు. అయ్యగారు ఆ పొద్దున్నే కమిటీ ముందుకెళ్ళి, ఒక్క గంటసేపు తనని మొత్తంగా లోపలికి రానివ్వమని అడిగారు. ఆయన ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు.

"మీ బాధ మాకు తెలియంది కాదు అయ్యగారూ. కానీ మొత్తం అంటే మళ్ళీ మొత్తం విషయం తిరగదోడాలి. ఇప్పుడిప్పుడే సంఘం కుదుటపడుతోంది" అన్నారు సువర్ణరాజు గారు.

"మాటిచ్చానండీ."

"పోనీ, పక్క ఊరి పాస్టరు గారిని పిలిపిద్దామా? ఆయనైతే మొత్తంగా వస్తారు."

అయ్యగారు వద్దన్నారు. ముక్కలుగానైనా తనే దించుతానన్నారు. కమిటీ ఓటు పెట్టింది. సమానంగా వచ్చింది. సమానమొస్తే పాత పద్ధతే కొనసాగుతుంది కాబట్టి సువర్ణరాజు గారు క్యారేజీ తెప్పించారు.

అంత్యక్రియల ఆరాధన బాగా జరిగింది. గొంతు ఎక్కడా వణకలేదు. వణికేది బయట ఉండిపోయింది. చెప్పుల స్టాండు పక్కన అయ్యగారికి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి, తుడుచుకోవడానికి చేతుల్లేవు, ఏడవడానికి గొంతు లేదు. ఆలస్యంగా వచ్చిన మార్తమ్మగారు చెప్పులు విడుస్తూ ఆయన్ని చూసి, కొంగు సర్దుకుని లోపలికెళ్ళిపోయారు.

పెట్టె మూత వేసే వేళకి చిన్న ఇబ్బంది వచ్చింది. చేతులు బల్లగుడ్డ విప్పుకుని పెట్టె దగ్గరికెళ్ళి, ఆమోసు గారి కుడిచేతిని మధ్యలో పెట్టుకున్నాయి. అంత్యక్రియల క్రమంలో సమాధానం ఇచ్చే పద్ధతి లేదు. చేతులు పొరబడ్డాయనుకుని కాసేపు ఆగారు. అవి వదల్లేదు.

"చేతులు తీయించండి అయ్యగారూ" అన్నారు సువర్ణరాజు గారు, క్యారేజీ వైపు తిరిగి. గొంతు పుస్తకంలో తర్వాతి ప్రార్థన చదివింది. ఆయన బయటికెళ్ళి బల్ల మీదున్న అయ్యగారిని అడిగారు. అయ్యగారు ఆయన ముఖంలోకి చూశారు. "ఏదో ఒకటి చెప్పండి అయ్యగారూ, వాన వచ్చేలా ఉంది" అన్నాక, గొంతు లోపలుందని సువర్ణరాజు గారికి గుర్తొచ్చింది. అయ్యగారిని లోపలికి తీసుకెళితే చేతులు వచ్చేస్తాయని ఒకరన్నారు. అలా తీసుకెళ్ళాలంటే తీర్మానం కావాలి. పెట్టె చుట్టూ నిలబడి చేతులెత్తారు. సమానం. ఈలోగా చినుకులు మొదలయ్యాయి, గోతిలోకి నీళ్ళు దిగుతున్నాయని కబురొచ్చింది. చేతులు లోపల ఉండగానే మూత వేసి మేకులు కొట్టారు.

మన్ను మంటికి అని గొంతు చదివింది. మట్టి వేయడానికి అయ్యగారి చేతులు లేవు కాబట్టి సువర్ణరాజు గారే వేశారు.

అందరూ వెళ్ళిపోయాక అయ్యగారు బల్ల మీదే ఉన్నారు. ఒళ్ళో క్యారేజీ పెట్టి వెళ్ళారు కానీ మూత తీసుకోవడానికి ఏం పెట్టి తీస్తారు? మార్తమ్మగారు వెనక్కొచ్చారు. అటూ ఇటూ చూశారు. మూత తీసి గొంతు ఆయనకి అందించి, కొంగుతో ఆయన ముఖం తుడిచి, నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"కుడికాలు ఇలా ఇవ్వండి నాయనా, చెప్పు తొడుగుతాను."

అయ్యగారు కుడికాలు చాపారు. మార్తమ్మగారు ఆ తర్వాత కూడా కమిటీలో పోవాల్సిందేనన్న వైపే చెయ్యెత్తారు.

అయ్యగారు రాజీనామా చేస్తారని చాలామంది అనుకున్నారు. చేయలేదు. సమాధుల తోట చర్చి ఆవరణలోనే ఉంది, ఉద్యోగం వదిలిన పాస్టరు అక్కడికి రావాలంటే అనుమతి అడగాలి. ఇప్పుడు సమాధానం గొంతుతోనే ఇస్తున్నారు. సంఘస్తులు ఎవరి చేతులు వాళ్ళ ఒళ్ళో పెట్టుకుని "మీకునూ సమాధానం" అంటున్నారు. ఇదే శుభ్రంగా ఉందని రెండువైపుల వాళ్ళూ ఒప్పుకున్నారు. ఆ తీర్మానం తర్వాత వాళ్ళు ఒప్పుకున్న మొదటి సంగతి ఇదే.

పద్ధతి సౌకర్యంగా ఉండటంతో మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. క్వయర్లో ఒకమ్మాయి తన స్నేహితురాలి వైపు తిరిగే కళ్ళని స్టాండులో పెట్టి వస్తుంది. సండేస్కూలు మాస్టారు ఒకాయన నలుగురూ నవ్వే తన నడకని విడిచి వస్తారు, ఆయన్ని ఇద్దరు పట్టుకొచ్చి కూర్చోబెడతారు. సువర్ణరాజు గారు కూడా ఒకరోజు రుమాల్లో చుట్టినదేదో అడుగు అరలో పెట్టడం చూశామని అంటారు, వెళ్ళేటప్పుడు దాన్ని ఆయన తరచూ మర్చిపోతారనీ అంటారు. లోపల ఖాళీ ఎక్కువై, బయట జనం ఎక్కువవడంతో కమిటీ స్టాండుకి కొత్త అరలు చేయించింది, బయట ఉన్నవాళ్ళకి ఎండ తగలకుండా షామియానా వేయించింది. "మేము ఎవర్నీ వెళ్ళగొట్టలేదండీ. నీడ కూడా ఇచ్చాం" అని సువర్ణరాజు గారు బిషప్ గారికి రాశారు. బిషప్ గారు సంతోషించారు.

ఇప్పుడు ఆ చర్చికి కొత్తగా ఎవరొచ్చినా గుమ్మం దగ్గర వందనాలు చెప్పి, "బయట పెట్టాల్సిందేమైనా ఉందా అండీ?" అని మర్యాదగా అడుగుతారు. వచ్చినవాళ్ళు చెప్పులు విడుస్తూ ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఏమీ లేదని చెప్పి నేరుగా లోపలికెళ్ళినవాళ్ళు ఇంతవరకూ లేరు.